చలికొండల్లో దున్నపోతు సినిమా

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాయాత్ర. ఇందులో హిమాలయాలున్నాయి. మంచు, లోయలు, దేవదారు చెట్లు ఉన్నాయి. ప్రాణమిచ్చే స్నేహితులున్నారు, కొడుకు ముందు షరతు పెట్టిన తండ్రి ఉన్నాడు, కళ కోసం అన్నీ పణంగా పెట్టిన ఒక యువకుడున్నాడు. హాలులో జనం ఆనందం పట్టలేక కుర్చీలెక్కే ఘట్టం కూడా ఉంది. చదివాక మీ కళ్లు చెమర్చకపోతే నన్నడగండి.

అడక్కండి. అంత సీను లేదు. మేం వెళ్లేసరికి మంచు కరిగిపోయింది. లోయలో కనిపించినవి చిప్స్ ప్యాకెట్లు. ప్రాణమిచ్చే స్నేహితులు బస్సు మలుపుల్లో ఎవడి వాంతి వాడు చూసుకున్నారు. జరిగిందల్లా ఏమిటంటే, పాతబస్తీలో ఒక దున్నపోతు మీద మావాడు తీసిన చిన్న సినిమాను పట్టుకుని ఒక కొండ ఊళ్లో జరిగే ఫిల్మ్ ఫెస్టివల్‌కు నలుగురం వెళ్లొచ్చాం. అంతే. దీనికి మహాయాత్ర అని పేరు పెట్టింది నేనే కాబట్టి వెనక్కి తీసుకునే హక్కు కూడా నాదే.

ఆ నలుగురిలో ముఖ్యుడు మా దర్శకుడు. దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో వాళ్లది పాల కొట్టం. తాతల నాటి వ్యాపారం. తెల్లవారకముందే లేచి గేదెలను పితకడం, క్యాన్లు బండికి కట్టుకుని ఇళ్లకూ చాయ్ హోటళ్లకూ పాలు పోసి రావడం వాడి పని. ఆ తర్వాత రోజంతా వాడికి సినిమా పిచ్చి. చిన్నప్పటి నుంచీ ఉంది. అందరికీ ఉంటుంది. కానీ వాడిది నయం కాలేదు. ఎక్కడెక్కడో తిరిగి, ఎవరెవరినో పట్టుకుని, కృష్ణానగర్ వైపు ఒక పెద్ద దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా చేరేందుకు మాట తీసుకున్నాడు. చిక్కల్లా ఒక్కటే. షూటింగులు పొద్దున్నే మొదలవుతాయి. గేదెలు కూడా పొద్దున్నే మొదలవుతాయి.

వాడు వాళ్ల నాయనను అడిగిన రోజు నేను అక్కడే తవుడు బస్తా మీద కూర్చుని ఉన్నాను. ఇంట్లో గొడవ జరిగేటప్పుడు లేచి వెళ్లిపోవడం మర్యాద అంటారు. చాయ్ సగమే అయింది, కాబట్టి వెళ్లలేదు.

"బాపు, పాలకు ఒక మనిషిని పెట్టు. నేను సినిమాలకు పోత."

"మనిషిని పెడితే నీళ్లు కలుపుతడు. మన పేరు పోతది."

"మరి నేనేం గావాలె?"

"ఏమైతవో గావు. నువ్వు మన దున్న మీద ఒక సినిమా తీసినవ్ గదా. మంచిగుందా అది?"

"మస్తుంది."

"నువ్వంటే అయితదారా? నీ దోస్తులంటే అయితదా?" అని ఆయన నా వైపు చూశాడు. "వీడు చాయ్ తాపిస్తే దేన్నైనా మంచిగుందంటడు. ముక్కూ మొఖం ఎరుగనోళ్లు మంచిగుందనాలె. ప్రైజ్ పట్కరా, రేపే మనిషిని పెడత. పట్కరాకుంటే మళ్ల నా ముందల సినిమా మాటెత్తొద్దు."

నాకు అవమానం అనిపించలేదు. ఆయన చెప్పింది నిజమే, పైగా చాయ్ బాగుంది.

అంటే సంగతి మీకు అర్థమైంది కదా. ప్రైజొస్తే వాడు సినిమాల్లోకి, రాకపోతే జీవితాంతం క్యాన్లు. ఇంత సులువైన కథను వాడు మాత్రం దారి పొడుగునా "ఇది నా బతుకురా, నా బతుకు" అని రకరకాల గొంతుల్లో చెబుతూ వచ్చాడు. మూడోసారి నుంచి మేం హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాం.

సినిమా విషయానికొస్తే, దీపావళి వెళ్లాక మా దగ్గర సదర్ అని ఒక పండుగ జరుగుతుంది. పాల వ్యాపారం చేసే కుటుంబాలు తమ దున్నపోతులకు నూనె పట్టించి, గవ్వల దండలు వేసి, కొమ్ములకు నెమలి ఈకలు కట్టి, డప్పులతో ఊరేగిస్తాయి. దున్న ముందు కాళ్లెత్తి నిలబడితే జనం వెర్రెత్తిపోతారు. మావాడి సినిమా మొత్తం వాళ్ల నాయన ఆ దున్నను పండుగకు తయారు చేయడం గురించి. దానికి స్నానం, మాలిష్, ఆపిల్ పండ్లు, బాదం పప్పు. ఆయన దానితో మాట్లాడే మెత్తటి గొంతు విని, షూటింగులో నేను పక్కకెళ్లి మా ఇంటికి ఫోన్ చేసి, నన్ను ఎప్పుడైనా ఇలా పిలిచారా అని అడిగాను. ఫోన్ పెట్టేశారు. ఆ దున్నకు మంచి పేరుంది. కానీ ఈ రచనలో మనుషుల పేర్లే చెప్పనప్పుడు దాని పేరు ఒక్కటే చెబితే మావాళ్లు నొచ్చుకుంటారు.

సినిమాకు సౌండు పట్టినవాడు మా బార్కస్ దోస్తు, పాతబస్తీ అవతల బార్కస్ పేటవాడు. అరబ్బు దేశం నుంచి ఎప్పుడో నిజాం కొలువుకు వచ్చిన కుటుంబం. వాడి లోకంలో అన్ని సమస్యలకూ మందు మర్ఫా. అంటే వాళ్ల పెళ్లిళ్లలో మోగే డోలు మేళం, అది మోగితే పక్క వీధి ముసలాయన కూడా భుజాలు ఎగరేస్తాడు. దున్న కొట్టంలోంచి బయటికొచ్చే చోట సంగీతం ఏం పెట్టాలని దర్శకుడు అడిగితే, "మర్ఫా పెట్టు భాయ్. వేరే ఏం పెడతవ్?" అన్నాడు. పెట్టేశారు. కళాత్మక నిర్ణయాలు మా దగ్గర అంత వేగంగా జరుగుతాయి.

మూడోవాడిని మేనేజరు అంటాం. వాళ్లమ్మానాన్నలు ఉద్యోగాల మీద గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇద్దరూ ప్రభుత్వ ఉద్యోగులు కావడంతో వాడు పుట్టుకతోనే దరఖాస్తులు తప్పుల్లేకుండా నింపగలడు. ఫెస్టివల్‌కు సినిమా పంపింది వాడే. సినిమా దేని గురించో ఇంగ్లీషులో రాసిందీ వాడే. దాన్ని మాకు తెలుగులో చదివి వినిపించాడు: "నగరపు మరుపుకూ మగతనపు బరువుకూ నడుమ ఒక మూగ ధ్యానం."

దర్శకుడు కంగారుపడ్డాడు. "నేను దున్న మీద తీసిన గదరా?"

"దున్న మీదే. ఫెస్టివల్ వాళ్లకి అలా చెప్తేనే అర్థమవుద్ది."

"ధ్యానం ఏడుంది అండ్ల?"

"అది నెమరేస్తుందిగా, ఆ షాటు. నువ్వూరుకో."

ఎంపికైంది. మా దున్న ధ్యానం చేస్తోందని నమ్మినవాళ్లు ఆ కొండల్లో ఉన్నారన్నమాట.

ఇక నేను. సినిమాలో నా పని దున్న వెనక గోనెసంచి పట్టుకుని సిద్ధంగా నిలబడడం. ఎందుకో చెప్పక్కర్లేదు. చివర పేర్లలో నన్ను "నిర్మాణ సహకారం" అని వేశారు.

ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి కొండల మీదికి బస్సు. మేనేజరు అందరికీ వాంతుల మాత్రలు తెచ్చాడు. ఎప్పుడు వేసుకోవాలో ఆ డబ్బా మీద ఉంది. మేం వాంతులయ్యాక చదివాం.

ఆ ఊళ్లో దిగగానే బార్కస్ దోస్తు లుంగీ మార్చుకున్నాడు. అంటే ఒక లుంగీ తీసి ఇంకో లుంగీ కట్టాడు. బార్కస్‌లో లుంగీ అంటే ఇంటి బట్ట కాదు, అది అన్ని వేళలకూ పనికొచ్చే హుందా అయిన బట్ట. పైన ఉన్ని టోపీ, మెడకు మఫ్లరు, ఒంటి మీద వాళ్లన్న పెళ్లి కోటు. ఫెస్టివల్ గేటు దగ్గర ఇద్దరు ఫొటోగ్రాఫర్లు వాడి చుట్టూ తిరిగి, ఏ దేశం నుంచి వచ్చారని ఇంగ్లీషులో అడిగారు.

"బార్కస్," అన్నాడు వాడు గంభీరంగా.

వాళ్లు తలాడించి రాసుకున్నారు. తెలియదని ఒప్పుకునే అలవాటు ఫెస్టివల్స్‌లో లేదని నాకు అక్కడే తెలిసింది.

హాలంటే ఒక పాత బడి హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసల్లో వాటి మీద ఉన్ని కంబళ్లు. ఆ కంబళ్లలో శాలువాలు కప్పుకున్న పెద్దమనుషులు. సినిమా అయిపోయాక వాళ్లు చప్పట్లు కొట్టరు. కాసేపు కళ్లు మూసుకుని, "ఉఁ" అని ముక్కుతో గాలి వదులుతారు. ఎంత పొడుగ్గా వదిలితే సినిమా అంత గొప్పదని లెక్క. వెనక వరసల్లో ఆ ఊరి కాలేజీ కుర్రాళ్లు. హాలు నిండుగా కనబడాలని తోలుకొచ్చినట్టున్నారు. ఒకడి భుజం మీద ఒకడు పడి నిద్రపోతున్నారు. మాకు సహజంగానే వాళ్ల పక్కన కూర్చోవాలనిపించింది.

నిర్వాహకురాలు, తెల్లజుట్టూ వేళ్లనిండా వెండి ఉంగరాలూ ఉన్న ఒక పెద్దావిడ, మైకు పట్టుకుని స్వాగతం చెప్పింది. సగం హిందీ, సగం ఇంగ్లీషు. ఆ పూట వేసే చిన్న సినిమాల్లో ఒకదానికి ప్రేక్షకుల బహుమతి ఉంటుందట. న్యాయనిర్ణేతలెవరూ లేరు, మీరే న్యాయనిర్ణేతలు. తలా ఒక చీటీ ఇస్తారు. అన్ని సినిమాలూ అయ్యాక, నచ్చిన సినిమా నంబరు రాసి డబ్బాలో వేయాలి. "ఈ చీటీ మీ గొంతు. దీన్ని జాగ్రత్తగా చేతిలోనే పట్టుకోండి," అంది ఆవిడ.

పట్టుకున్నాం. అంత చక్కగా చెప్పిన మాట వినకుండా ఎలా ఉంటాం?

దర్శకుడు చుట్టూ చూసి లెక్కలు మొదలుపెట్టాడు. "ముందలోళ్లు ఎయ్యరు. వెనకున్న గీ పోరగాళ్లు ఏస్తే సాలు. వీళ్లే ఎక్కువున్నరు."

"ముందసలు వాళ్లని నిద్ర లేపాలి కదరా," అన్నాడు మేనేజరు.

"మర్ఫా లేపుతది," అన్నాడు బార్కస్ దోస్తు. "ఫికర్ జెయ్యకు."

మొదటి సినిమాలో పొగమంచు వచ్చింది. ఒకాయన దాన్ని చూశాడు. పొగమంచు పోయింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. ముందు వరసల్లో "ఉఁ" అని చాలా పొడుగ్గా వినిపించింది. రెండో సినిమాలో ఒకావిడ కమలాపండు వొలిచింది. తింటుందేమో అని నేను ఆత్రంగా ఎదురుచూశాను. తినలేదు. పండు బల్ల మీద ఉండగా సినిమా అయిపోయింది. ఆ పండు ఏమై ఉంటుందని నేను ఇప్పటికీ అప్పుడప్పుడు బాధపడుతుంటాను. మూడోది మాట్లాడుకోని భార్యాభర్తల గురించి. దానికోసం కొండలెక్కి రావాలా అని బార్కస్ దోస్తు నా చెవిలో అడిగాడు.

అప్పుడు మాది పడింది.

ఇక్కడ మా పేటల సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు సినిమా హాళ్లలో తెర మీదికి హీరో మొదటిసారి వచ్చినప్పుడు కాగితాలు చింపి గాల్లోకి ఎగరేస్తాం. ఇదెవరూ నేర్పరు. ఈత, సైకిలు లాగా వచ్చేస్తుంది. పక్కింటివాళ్ల పాత పేపర్లు, కరెంటు బిల్లులు, సినిమా టికెట్టు, ఏది దొరికితే అది. మా దర్శకుడు ఈ విద్యలో గురువు. పెద్ద హీరో సినిమా విడుదలైన పొద్దున, పాలు పోసిన ప్రతి ఇంట్లో పాత పేపర్లు అడిగి తెచ్చి, ఖాళీ క్యాన్ల నిండా ముక్కలు కూరుకుని హాలుకు వచ్చేవాడు. జీవితంలో వాడు ఏ హీరోను కూడా ఖాళీ చేతులతో చూడలేదు.

తెర చీకటి. కొట్టం తలుపు. లోపల ఎక్కడో గంట చప్పుడు. వాళ్ల నాయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి గడియ తీశాడు. తలుపు మెల్లగా తెరుచుకుంది. చీకట్లోంచి ముందు నెమలి ఈకలు, తర్వాత కొమ్ములు, తర్వాత నూనెతో నిగనిగలాడే ఆ నల్లటి నుదురు. దున్న ఒక్క అడుగు బయట పెట్టి, తల తిప్పి, సరిగ్గా మా వైపు చూసింది. స్లో మోషన్. ధ్యానం అని రాసిన సినిమాలో స్లో మోషన్ పెట్టినవాడు వీడు.

మర్ఫా దబదబలాడింది.

ముందుగా నా ఎడమ పక్క నుంచి ఈల వినిపించింది. రెండు వేళ్లు నోట్లో పెట్టి వేసే అసలైన ఈల, అద్దాలు పగిలేలాంటిది. తిరిగి చూస్తే దర్శకుడు లేచి నిలబడ్డాడు. వాళ్ల దున్నను అంత పెద్దగా వాడెప్పుడూ చూడలేదు. లాప్‌టాపులో చూశాడు, ఫోన్లో చూశాడు, రోజూ కొట్టంలో చూశాడు. ఇలా గోడంత, మర్ఫాతో చూడలేదు. వాడి మొహంలో దర్శకుడు లేడు. హీరో వచ్చాడు, వీడు వచ్చిన పని చేస్తున్నాడు. చేతులు వాటంతటవే కదిలాయి. చర్ర్ చర్ర్ చర్ర్.

ఎగిరాయి ముక్కలు.

అది చూసి బార్కస్ దోస్తు చింపాడు. నేను చింపాను. దరఖాస్తులు తప్పుల్లేకుండా నింపే మేనేజరు కూడా చింపాడు, అదీ చక్కగా సమానమైన ముక్కలుగా. నిద్ర లేచిన కాలేజీ కుర్రాళ్లు ఒక క్షణం మమ్మల్ని చూశారు, తెరను చూశారు, మళ్లీ మమ్మల్ని చూశారు. తర్వాత కుర్చీలెక్కారు. వరస వరసంతా చర్ర్ మంది. ప్రొజెక్టరు వెలుగులో ఆ ముక్కలు మెల్లగా తిరుగుతూ పడుతుంటే, మంచు కురవడం లేదని మేం పడిన బాధ తీరిపోయింది. మొదట్లో చెప్పిన ఘట్టం ఇదే. మీ కళ్లు చెమర్చాయా? కాసేపు ఆగండి.

సినిమా చివర్లో దున్న ముందు కాళ్లెత్తినప్పుడు వెనక వరసలన్నీ అరిచాయి. ముందు వరసల్లో ఎవరూ ముక్కుతో గాలి వదల్లేదు. లైట్లు వెలిగాక ఒకాయన తన శాలువా మీది కాగితం ముక్కను రెండు వేళ్లతో తీసి, అదేదో పురుగైనట్టు కింద పెట్టాడు.

దర్శకుణ్ణి ముందుకు పిలిచారు, ప్రశ్నలకు. వాడు గాల్లో నడుస్తున్నట్టు వెళ్లాడు.

"ఆ జంతువు ఇక్కడ రాజ్యానికి ప్రతీకా?" అని హిందీలో అడిగింది శాలువా కప్పుకున్న ఒకావిడ.

"కాదు మేడమ్, మాదే," అన్నాడు వాడు.

ఇంకొకాయన, "మీ తండ్రికీ ఆ మృగానికీ మధ్య ఉన్న మౌనం గురించి చెప్పండి," అన్నాడు.

"మౌనం లేదు సార్. మా నాయన దాంతోని పొద్దుమాపు మాట్లాడుతనే ఉంటడు. నాతోనే మాట్లాడడు."

వాడు నిజం చెప్పాడు. హాలంతా నవ్వింది. ముందు వరసలు కూడా కొంచెం మెత్తబడ్డాయి. ఒకాయన "ఉఁ" అన్నాడు కూడా, పొట్టిదే అనుకోండి. ఆ క్షణంలో ఎవరైనా చేతులెత్తమని ఉంటే మావాడు గెలిచిపోయేవాడు.

చేతులెత్తమనలేదు. ఇంకో సినిమా వేశారు, అందులో గొర్రెలు. అది అయ్యాక ఒకమ్మాయి డబ్బా పట్టుకుని వరస వరసకూ వచ్చింది. ముందు వరసల్లో అందరూ బుద్ధిగా నంబర్లు రాసి వేశారు. డబ్బా మా వరసకు వచ్చింది.

దర్శకుడు ఎడమ చేయి చూసుకున్నాడు. కుడి చేయి చూసుకున్నాడు. తర్వాత నేల చూశాడు.

"చీటీ ఏదిరా?" అన్నాడు నాతో.

"నువ్వు దేన్ని ఎగరేసినవ్?"

వాడి మొహం చూస్తే నాకు తర్వాతి జోకు రాలేదు. ఇది నా జీవితంలో అరుదు.

వెనక కుర్రాళ్లందరూ జేబులు తడుముకుంటున్నారు. మా సినిమా నచ్చిన ప్రతివాడూ తన ఓటు చింపేశాడు. నచ్చనివాళ్ల ఓట్లన్నీ మడత నలగకుండా డబ్బాలో పడ్డాయి. ప్రపంచంలో ఇంకే పేట నుంచి వెళ్లినవాళ్లయినా ఈ పని చేయగలరా అని నేను చాలా ఆలోచించాను. మాకే సాధ్యం.

బార్కస్ దోస్తు లుంగీ పైకి కట్టి కుర్చీల కిందికి దూరాడు. "ముక్కలు జమ జేద్దాం, రండి! టేపు ఏడన్న దొరుకుతదేమో సూడు!"

"ఎన్ని చీటీలు అతికిస్తవ్ భాయ్? అన్నీ తెల్లగనే ఉన్నయ్," అన్నాను నేను.

"ఒక్కటన్న అతికిద్దాం యార్. వీనిదన్న."

మేనేజరు మాత్రం ఆఫీసు పద్ధతిలో నిర్వాహకురాలి దగ్గరికి వెళ్లాడు. "మేడమ్, చినిగిన చీటీ చెల్లదని మీరు ముందు చెప్పలేదుగా?"

ఆవిడ చాలా మర్యాదగానే మాట్లాడింది. నంబరు రాసిన ముక్క ఒక్కటి చూపించు, చెల్లుతుందంది. నంబరు రాయకముందే చింపేశాం. పోనీ కొత్త చీటీలివ్వండి అంటే, ఒకరికిస్తే అందరూ అడుగుతారంది. మేనేజరు వెనక్కొచ్చి, "ఆవిడ తప్పేం లేదురా. మా నాన్నయినా అంతే చెప్పేవాడు," అన్నాడు. అన్యాయం జరిగిందని అరవడానికి కూడా లేకుండా పోయింది. ఓడిపోయినప్పుడు కనీసం అన్యాయమైనా జరగాలి.

బహుమతి కమలాపండుకు వచ్చింది. ఆ దర్శకురాలు వేదిక మీద చాలాసేపు మాట్లాడింది. పండు ఏమైందో మాత్రం చెప్పలేదు.

బయట కుర్రాళ్లు మావాడి చుట్టూ మూగారు. "భయ్యా, మజా ఆ గయా!" అని భుజాలు చరిచారు. ఒకడు దున్నతో ఫొటో కావాలన్నాడు. దున్న రాలేదంటే, పోనీ మీతో అన్నాడు. వాడు నవ్వుతూ ఫొటోలు దిగాడు. ఏడుపొస్తున్నప్పుడు మనిషి ఎలా నవ్వుతాడో ఆ ఫొటోల్లో స్పష్టంగా ఉంది, ఎవరికైనా పరిశోధనకు కావాలంటే.

ఎండ ఇంకా కొండ మీద ఉండగానే బస్టాండుకు వచ్చేశాం. వాడు ఫోన్ చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి నేనే నంబరు నొక్కి స్పీకరు పెట్టాను.

"ఏమాయె?" అంది వాళ్ల నాయన గొంతు. వెనక గేదె అరిచింది.

"రాలే బాపు."

"ఏంది, మంచిగ లేదన్నరా?"

"మంచిగుందన్నరు. ఓట్లు పడలే."

"గదేంది? మంచిగుందంటే పడాలె గదా?"

వాడు చెప్పాడు. తలుపు తెరుచుకోవడం, మర్ఫా, ఈల, చీటీలు, అన్నీ. ఏదీ దాచలేదు. ఫోన్ కట్టయిందేమోనని నేను తెర చూశాను. కాలేదు.

"దున్న బయటికి రాంగనే చింపిన్రా?"

"రాంగనే బాపు. నువ్వు గడియ తీసినవ్ సూడు, గప్పుడు."

"మీ నల్గురేనా?"

"వెనకున్న పోరగాళ్లందరు. కుర్చీలెక్కిన్రు."

"వాళ్లు ఈడోళ్లా?"

"కాదు. ఈ కొండలోళ్లే. మనం ఎవలమో ఎరుగరు."

ఆయన ఫోన్ పక్కకు పట్టుకుని ఇంట్లోకి అరిచాడు. "ఏమే, ఇన్నవా! మన దున్నకు కొండల మీద కాగితాలు ఎగరేసిన్రంట! ముక్కూ మొఖం ఎరుగనోళ్లు!"

మేనేజరు నా మోచేయి పొడిచాడు. "షరతు అదేగా! ముక్కూ మొహం ఎరగనోళ్లు అనాలన్నారు. అన్నారు. కాగితం మీద కూడా అన్నారు!"

దర్శకుడు ఫోన్ దగ్గరికి వంగాడు. "బాపు... అయితే మరి పాలకు..."

"ప్రైజ్ ఎవ్వనికి గావాల్రా," అన్నాడు ఆయన. "పైసల్ పెడితే ప్రైజొస్తది. కాగితాలు ఊకెనే ఎగరయి. నువ్వు పో. రేపే మనిషిని జూస్త."

బార్కస్ దోస్తు కొండ వైపు తిరిగి మఫ్లరుతో మొహం తుడుచుకున్నాడు. చలికి ముక్కు కారుతోందన్నాడు. దర్శకుడు నన్ను గట్టిగా పట్టుకున్నాడు. సూర్యుడు సరిగ్గా అప్పుడే కొండ వెనక్కి జారుతున్నాడు, ఆకాశం నారింజ రంగులో ఉంది, ఎవరైనా కెమెరా పెట్టి ఉంటే ముందు వరసలు చాలా పొడుగ్గా "ఉఁ" అని ఉండేవి. మీ కళ్లు చెమర్చాల్సింది ఇక్కడే. కానివ్వండి.

వాళ్ల నాయన మాట తప్పే మనిషి కాదు. మేం ఇంటికి వచ్చేసరికే పాలకు మనిషిని పెట్టాడు. నమ్మకస్తుడు, పని తెలిసినవాడు, చుక్క నీళ్లు కలపడు. కృష్ణానగర్ పెద్ద దర్శకుడి షూటింగు మాత్రం మావాడు లేకుండానే మొదలైంది. వాళ్లు ఇంకొకణ్ణి తీసుకుని, వచ్చే సినిమాకు రమ్మన్నారు. ఎందుకంటే మావాడు ఇప్పటికీ రోజూ తెల్లవారకముందే కొట్టంలో ఆ కొత్త మనిషి పక్కన, గేదె మెడ నిమురుతూ నిలబడాల్సి వస్తోంది. కొత్త చేతికి అలవాటు పడేదాకా గేదెలు పాలు సరిగ్గా చేపవు, పొదుగులోనే బిగబట్టుకుంటాయి. దానికి కొన్ని వారాలు పడుతుంది.